గుడ్లగూబకిచ్చిన గడువు

ఊళ్ళో చదువుకున్నవాళ్ళంతా జావా నేర్చుకుంటున్న రోజుల్లో నేను పిట్టల్ని లెక్కపెట్టే ఉద్యోగంలో చేరాను. జంతుశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసినందుకు పడిన శిక్ష అదని పద్మారావు నగర్‌లోని మా బంధువులు తేల్చేశారు. విజయనగరం నుంచి వచ్చి ఎన్నేళ్ళయినా యాస వదలని మా అమ్మ మాత్రం సూటిగా అడిగింది.

"పిట్టల్ని లెక్కెట్టినందుకు జీతమేటే? మజ్జలో ఎగిరిపోతే మళ్ళీ మొదట్నుంచీ లెక్కెట్టాలా?"

ఆఫీసు రెజిమెంటల్ బజార్‌లో, స్టీలు సామాన్ల దుకాణం మీది అంతస్తులో. పెద్ద భవనాలు కట్టాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. అనుమతి కావాలంటే ఆ స్థలంలో ఏ చెట్లున్నాయో, ఏ ప్రాణులున్నాయో చెప్పే నివేదిక కావాలి. ఆ నివేదికలు రాయడం మా పని. అంతకుముందు రాసినవన్నీ శ్రద్ధగా చదివాను. వాటి ప్రకారం ఈ నగరం చుట్టూ కాకి, పిచ్చుక, ఉడుత తప్ప మరో ప్రాణి పుట్టలేదు. ఎక్కడ కట్టినా అవే మూడూ, అదే వరుసలో దర్శనమిస్తాయి.

నన్ను మొదట పంపిన స్థలం నేరేడ్‌మెట్ దాటాక ఉంది. పెద్ద పెద్ద బండలు, మధ్యలో సీతాఫలం పొదలు. బండల్ని పేల్చేసి సాఫ్ట్‌వేర్ వాళ్ళకు అపార్టుమెంట్లు కడతారట. ఓ బండ పగులులో ఇత్తడి రంగు కళ్ళు రెండు నన్నే చూస్తూ కనిపించాయి. చెవుల దగ్గర కొమ్ముల్లా ఈకలున్న పెద్ద గుడ్లగూబ. పక్కన దూదిపింజల్లాంటి పిల్లలు రెండు.

నా వెనకే వచ్చిన సైటు సూపర్‌వైజర్ తొంగిచూసి, "అయ్యో! జెర మెల్లగ మాట్లాడుండ్రి మేడం. మా బిల్డర్ సార్‌కు తెలిస్తే పరేషాన్ అయితడు" అన్నాడు.

ఆఫీసుకు పరుగెత్తుకొచ్చి మా బాసుకు చెప్పాను. గుంటూరు వైపు మనిషి, మహా మర్యాదస్తుడు.

"చూశావు, సంతోషం. రాయడమెందుకమ్మా?"

"చూసి రమ్మనే కదండీ పంపించారు?"

"చూసి రమ్మన్నాను గానీ, ఏదైనా కనిపెట్టుకు రమ్మన్నానా?"

సంతకం పెట్టనన్నాను. ఆయన ఏమాత్రం నొచ్చుకోకుండా తనే పెట్టుకున్నారు. కాకి, పిచ్చుక, ఉడుత యథాప్రకారం అనుమతి తెచ్చిపెట్టాయి.

తర్వాత ఓ ఆదివారం సాయంత్రం బిల్డరు స్థలంలో షామియానా వేయించి, కూల్‌డ్రింకులు పెట్టించి, ఫ్లాట్లు కొనేవాళ్ళను పిలిచాడు. మెడలో కంపెనీ కార్డులు వేలాడేసుకున్న కుర్రజంటలు, వెంట వాళ్ళ పెద్దలు. పొద్దు వాలుతుండగా బండ శిఖరమ్మీద కూర్చుని గుడ్లగూబ గంభీరంగా బూ... బో... అందట. ఓ పెద్దాయన గ్లాసు కింద పెట్టి, "ఇల్లు చూపిస్తానని శ్మశానానికి తీసుకొచ్చావేమయ్యా?" అని అల్లుణ్ణి అడిగాడట. కాసేపట్లో కార్లన్నీ వెళ్ళిపోయాయి. ఇదంతా సూపర్‌వైజరే నాకు వర్ణించి చెప్పాడు.

మర్నాడు బిల్డరు మా మెట్లెక్కి వచ్చాడు.

"గుడ్లగూబ లేదని మీరే కదండీ రాసిచ్చింది?"

అబద్ధం రాయించుకున్న మనిషే అది అబద్ధమైనందుకు నిలదీయడం నేనప్పుడే చూశాను. మా బాసు, దాన్ని నేనే పొదిగినట్టు నావైపు చూశారు.

"వలేసి పట్టించి ఎక్కడైనా వదిలించండి," అన్నాడు బిల్డరు.

"చట్టం ఒప్పుకోదండీ. పిల్లలు ఎగిరేదాకా ఆ బండ జోలికి వెళ్ళకూడదు."

"చట్టం సంగతి నేను చూసుకుంటాలేమ్మా," అని అక్కణ్ణుంచే తన వాస్తు సిద్ధాంతికి ఫోన్ చేశాడు. పిల్లలున్న గుడ్లగూబను కదిలిస్తే వంశానికి అరిష్టమని అవతలి నుంచి జవాబొచ్చింది. ఆ క్షణమే పేలుళ్ళు వాయిదా పడ్డాయి. మా వృత్తిలో లోపమేమిటో అప్పుడర్థమైంది. నివేదికల మీద పెట్టించాల్సింది నాలాంటివాళ్ళ సంతకం కాదు, సిద్ధాంతిది.

పిల్లలు ఎప్పుడెగురుతాయో చూసి చెప్పే బాధ్యత నాకప్పగించారు. రోజూ సాయంత్రం బస్సెక్కి వెళ్ళేదాన్ని. బిల్డరు ఫోన్ చేసేవాడు.

"ఎగిరాయామ్మా?"

"ఇంకా లేదండీ."

"ఏం తింటున్నాయి?"

"ఎలుకలండీ."

"తొందరగా ఎదుగుతాయంటే చెప్పు, ఎలుకలు పంపిస్తాను."

జీవితంలో అంత ఆనందంగా నేను మరే పనీ చేయలేదు. పిల్లలు రెక్కలు విప్పబోయి తూలి పడేవి. తల్లి విసుగ్గా కళ్ళు మూసుకునేది. మొదట్లో కంగారుపడిన సూపర్‌వైజర్ ఇటుకల లారీకి ఎదురెళ్ళి, "ఏయ్, హారన్ కొట్టకు. పిల్లలు పండుకున్నయి" అని కసరడం మొదలుపెట్టాడు.

ఓ సాయంత్రం రెండూ పక్క బండ మీదికి ఎగిరాయి. బిల్డరు ఫోన్ మోగింది. నేను నోరు తెరవకముందే సూపర్‌వైజర్ అందుకుని, "ఏడ ఎగిరినయి సార్, ఇంకా గూట్లనే ఉన్నయి" అన్నాడు. నేను ఆశ్చర్యంగా చూశాను.

"తల్లి ఇంకా నోట్ల పెడుతుంది గద మేడం. గప్పుడే ఏం తొందర?"

కానీ ముహూర్తాలు ఎవరికోసమూ ఆగవు. అరిష్టం మాట మరిచిపోయి ఆ సిద్ధాంతే పెట్టిన మంచిరోజున, కొబ్బరికాయ కొట్టి మరీ, బండను పేల్చేశారు. ఆ దుమ్ములో నిలబడి ఏడుపు ఆపుకోవడానికి నేను చాలా కష్టపడ్డాను. ఆ తర్వాత బిల్డరు అచ్చు వేయించిన రంగుల కాగితంలో "పక్షుల కిలకిలల నడుమ మీ సొంతిల్లు" అని ఉంది. కింద బొమ్మ పంచరంగుల విదేశీ చిలుకది.

గుడ్లగూబలు పక్కనున్న మిలిటరీ స్థలంలోని గుట్టల్లోకి వెళ్ళాయి. ఈ నగరంలో వన్యప్రాణి సంరక్షణ శాఖ ఏదైనా నిజంగా పనిచేస్తోందంటే, అది సైన్యం వేసిన ముళ్ళకంచె. కొన్నాళ్ళకు నేనూ సూపర్‌వైజరూ ఆ కంచె బయట నిలబడి చూశాం. తల్లి కనిపించింది. కాస్త దూరంలో ఒక పిల్ల.

"ఇంకోటేది మేడం?"

"తెలీదు."

వెలుగు పూర్తిగా పోయేదాకా చూశాం. రాలేదు. అతను స్కూటర్ తీస్తూ, "బస్టాప్ దాకా దింపనా?" అన్నాడు.