నల్లదొరసాని ఎన్ని ఇర్మేలీలు?

కోత్కా రేవులో పాత వలల గోదాము మేడమీద ఏడుగురు కలిసి సముద్రపు దొంగల ఆట ఒకటి నడిపేవారు. కంప్యూటర్లో ఆడే ఆట. నార్వే నుంచి పోర్చుగల్ దాకా ఎక్కడెక్కడి జనమో పొద్దస్తమానం తలా ఒక ఓడ వేసుకుని అందులోకి దిగేవారు. ఎదురొచ్చిన శత్రువుల ఓడల్ని ఫిరంగులతో ముంచేవారు. శత్రువుల ఓడల్లో మనుషులుండరు, వాటిని తయారుచేసి వదిలేది ఈ ఏడుగురే. ఏ ఓడ ఎంత గట్టిగా ఉండాలో తేల్చేది మాత్రం ఇర్మేలి తొల్వానెన్. వయసు అరవై తొమ్మిది. కాగితం మిల్లు ప్రయోగశాలలో ముప్ఫై ఒక్క ఏళ్లు పనిచేసి రిటైరైన మనిషి.

తేల్చేది అంటే కూర్చుని ఆలోచించి చెప్పేదనుకునేరు. అదేం లేదు. ఆమె పని ఓడిపోవడం.

తొమ్మిదేళ్ల క్రితం గ్రంథాలయం బోర్డు మీద ఒక కాగితం అంటించారు. కంప్యూటర్ ఆటలు ఎప్పుడూ ఆడని మనిషి కావాలి, గురువారాలు రావాలి, బఠానీ సూపు పెడతాం అని మూడే ముక్కలు. ఇర్మేలి దాన్ని రెండుసార్లు చదివింది. సోమవారం ఈతకొలను, మంగళవారం బజారు, బుధవారం గ్రంథాలయం, శుక్రవారం ఆవిరిస్నానం. గురువారానికే ఏమీ లేదు. వారంలో ఒక్క రోజు ఖాళీగా ఉంటే కొంపేం మునుగుతుంది అని మీరు అనొచ్చు. మిల్లు వదిలాక ఆ ఒక్క రోజూ గోడ గడియారం చూస్తూ కూర్చున్న మనిషిని అడగండి, చెబుతుంది.

ఆ ఏడుగురిలో పెద్ద యార్మో. గడ్డం గుబురు, మాట పొదుపు. మొదటి రోజు ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి ఒకే ఒక్క షరతు పెట్టాడు.

"ఇంటి దగ్గర మాత్రం దీన్ని ముట్టుకోకు."

"నాకేం పని?" అంది ఇర్మేలి.

పద్ధతి చాలా తేలిక. కొత్త ఓడ తయారైతే గురువారం సూపు తాగాక దాన్ని ఇర్మేలి మీదికి వదులుతారు. ఆమె రెండు వేళ్లతో, కళ్లద్దాలు ముక్కు చివరికి జార్చుకుని పోరాడుతుంది. మూడోసారికి ముంచగలిగితే ఓడ సరిగ్గా ఉన్నట్టు. మొదటిసారికే మునిగిందంటే పలకలు మందం చేయాలి. అయిదుసార్లకీ మునగలేదంటే పలచన చేయాలి. అలా సరిచూసిన ఓడలు బయటికెళితే కొత్తవాళ్లు రెండుసార్లు మునిగి, ఉడుక్కుని, మూడోసారి గెలిచి, ఆటకి అతుక్కుపోయేవారు. నూటికి ముప్ఫై ఇద్దరు, ముప్ఫై ముగ్గురు మొదటి వారం దాటేవారు. ఆ అంకె తొమ్మిదేళ్లు కదల్లేదు.

కొన్నాళ్లకి ఆమె పేరే కొలత అయిపోయింది. మూడోసారికి మునిగే ఓడ ఒక ఇర్మేలి. దానికంటే మెత్తనిది అర ఇర్మేలి. మొండిది రెండు ఇర్మేలీలు. లెక్కలు చూసే తేము, గాలీ అలలూ చూసే వెర్నా అనే పిల్ల, ఇద్దరూ ఆమె ఎదుటే "ఇది ఒకటింపావు ఇర్మేలి ఉంటుందా?" అని వాదించుకునేవారు. ఇర్మేలి పట్టించుకోనట్టు సూపులో ఆవాల ముద్ద కలుపుకునేది. లోపల మాత్రం ఎంత గర్వమో. మిల్లులో ముప్ఫై ఒక్క ఏళ్లు పనిచేసినా ఒక్క బీరువాకి కూడా ఆమె పేరు పెట్టలేదు.

నిరుడు అక్టోబరులో ఆమెకి తుంటి ఆపరేషన్ అయింది. మూడు నెలలు ఇల్లు కదలొద్దన్నారు. వార్తలు చదువుకోవడానికని ఒక చిన్న కంప్యూటర్ కొనుక్కుంది. నవంబరులో ఒక పగటిపూట, బయట వాన, కిటికీలోంచి సముద్రం కనబడటం లేదు. పోనీ ఆటలో సముద్రమైనా చూద్దామని తెరిచింది. ముట్టుకోకపోతే సరి అనుకుంది. చూడటానికైనా ఓడ ఎక్కాలట. ఎక్కింది. కెప్టెన్ పేరు ఏదో ఒకటి పెట్టమంటే 'తూకం' అని పెట్టింది.

జనవరి చివరికి తూకం చేతికింద పద్నాలుగు మంది ఆటగాళ్ల ఓడలు. హాంబర్గ్‌లో పళ్ల డాక్టరొకాయన పొద్దున్నే ఆమెకి సలాము కొట్టనిదే పనిలోకి వెళ్లేవాడు కాదు. పోలండ్ వాళ్లిద్దరు ఆమెను అడక్కుండా రేవు దాటేవారు కాదు. ఇర్మేలికి ఇంత ఉషారు పెళ్లయిన కొత్తలో కూడా లేదు. ఆ మాట ఆమే ఒప్పుకుంటుంది, కాకపోతే ఎవరూ అడగలేదు.

ఫిబ్రవరిలో కర్ర పట్టుకుని మళ్లీ గోదాము మెట్లెక్కింది. ఆ వారం కొత్త ఓడ పేరు నల్లదొరసాని, కొత్తవాళ్లకి మొదటి అఖాతంలోనే ఎదురయ్యేది. ఇర్మేలి దాన్ని మొదటిసారికే ముంచేసింది. చెయ్యి దానంతటదే కదిలింది, ఆమె ఆపుకునేలోపు నల్లదొరసాని నీళ్లలో ఉంది.

"మెత్తగా ఉంది" అన్నాడు తేము, పలకలు మందం చేశాడు. మరుసటి గురువారం మళ్లీ మొదటిసారికే మునిగింది. మళ్లీ మందం చేశాడు. మార్చిలో ఎట్టకేలకు మూడోసారికి మునిగింది. ఒక ఇర్మేలి అని పుస్తకంలో రాసుకుని, నల్లదొరసానిని జనం మీదికి వదిలారు.

జనం లబోదిబోమన్నారు. బెర్గెన్ నుంచి ఒకాయన పదకొండు రోజులుగా తాను రేవు గుమ్మం దాటలేదనీ, నిజం సముద్రం మీద నలభై ఏళ్లు చేపలు పట్టినా ఇంత అవమానం పడలేదనీ రాశాడు. మొదటి వారం దాటేవాళ్లు నూటికి ఆరుగురికి పడిపోయారు. జూన్‌లో వచ్చే నడివేసవి పండగ దాకా ఇదే వరస అయితే గోదాము తాళాలు అప్పగించి ఎవరి దారిన వాళ్లు పోవాల్సిందే అన్నాడు యార్మో. అన్నాక లేచి వెళ్లి కాఫీ పోసుకున్నాడు.

తప్పెక్కడుందో అని ఏడుగురూ తల బద్దలు కొట్టుకున్నారు. తేము ఫిరంగుల లెక్కలన్నీ మొదటినుంచి మళ్లీ కట్టాడు. వెర్నా గాలుల్ని విప్పి చూసింది. కొత్తవాళ్లు మొద్దులైపోయారేమో అని కూడా ఒక పూట ఆలోచించారు. ఇర్మేలిలో తేడా వచ్చిందేమో అన్న ఆలోచన ఒక్కరికీ రాలేదు. కంప్యూటర్‌ని అనుమానించారు, గణితాన్ని అనుమానించారు. తొమ్మిదేళ్లుగా వాళ్ల ఎదుట సూపు తాగుతున్న మనిషిని అనుమానించడం వాళ్ల చేతకాలేదు. ఒక్క ప్రశ్న అడిగితే సరిపోయేది. మా కోత్కాలో ఒకరి సొంత సంగతి అడగడం కంటే వ్యాపారం మూసుకోవడం తేలిక.

ఇర్మేలికి మాత్రం తప్పెక్కడుందో తెలుసు. చెబితే గురువారం పోతుంది. ఇంకొకరిని చూసుకుంటారు, ఆట వచ్చిన మనిషి వాళ్లకెందుకు? చెప్పకపోతే గోదామే పోతుంది. మధ్యేమార్గంగా ఆమె ఒక ఉపాయం పన్నింది. కావాలని ఓడిపోదామనుకుంది.

ఏప్రిల్‌లో కొత్త ఓడ వచ్చింది. ఇర్మేలి దాని ముందు కూర్చుని అయిదుసార్లూ శ్రద్ధగా మునిగింది. కానీ మునుపటి ఇర్మేలి ఎంతసేపు తట్టుకునేదో, ఎక్కడ తడబడేదో ఇప్పటి ఇర్మేలికి ఎంత ఆలోచించినా గుర్తుకు రాలేదు. అంచనా మీద మునిగింది. తేము ఓడని పలచన చేశాడు, మళ్లీ అయిదుసార్లు మునిగింది, మళ్లీ పలచన చేశాడు. బయటికెళ్లిన ఓడ తడిసిన అట్టపెట్టె. ఎవరైనా దగ్గర్లో తుమ్మినా మునుగుతోందని పాత ఆటగాళ్లు ఏకరువు పెట్టారు. పళ్ల డాక్టరు కూడా తూకానికి ఉత్తరం రాశాడు, ఈ ఓడలు తయారుచేసేవాళ్లకి మతి పోయినట్టుందని.

ఆ వారమంతా ఆమెకి మిల్లులో హన్నెస్ గుర్తొచ్చాడు. ప్రయోగశాలలో కాగితం బరువు చూసే త్రాసు ఒకటి ఉండేది. ఒక ఏడాది అది తక్కువ చూపించడం మొదలుపెట్టింది. ఫోర్‌మన్ హన్నెస్‌కి ఆ సంగతి తెలుసు; తేడా నేను మనసులో కలుపుకుంటాను, గొడవెందుకు అన్నాడు. తర్వాత ఆయన సెలవు మీద పోయాడు. మనసులో కలిపేవాడు లేక తొమ్మిది బండ్ల కాగితం డెన్మార్క్ దాకా వెళ్లి తిరిగొచ్చింది. ఆ త్రాసు మీద 'వాడకంలో లేదు' అన్న ఎర్ర చీటీ అంటించింది ఇర్మేలే. హన్నెస్ ఏడాదిపాటు ఆమెతో మాట్లాడలేదు. ఆమె లెక్కచేయలేదు. పనికిరాని త్రాసుని ఎవరైనా పక్కన పెట్టాల్సిందే, అందులో ఆలోచించడానికేముంది అనుకుంది అప్పట్లో. అప్పుడు త్రాసు ఆమె కాదు కదా.

ఆ చీటీల చుట్ట ఒకటి ఇంకా వంటింటి సొరుగులో ఉంది. మే నెల మొదటి గురువారం ఇర్మేలి అందరికంటే ముందు గోదాముకి వెళ్లింది. చీటీ ఒకటి చించి తాను కూర్చునే కుర్చీ వీపుకి అంటించింది. వెళ్లి బల్ల దగ్గర కూర్చుంది. అందరూ వచ్చారు, సూపు తాగారు, పాన్‌కేకులు తిన్నారు. తేము చేతులు తుడుచుకుంటూ ఆట దగ్గరికి వెళ్లి, చీటీ చూసి ఆగాడు. కుర్చీని తలకిందులు చేశాడు. నాలుగు కాళ్లూ ఊపి చూశాడు. చక్రాలు తిప్పి చూశాడు.

"బాగానే ఉందే. ఏం విరిగింది దీనికి?"

"కుర్చీ కాదు" అంది ఇర్మేలి. "నేను."

యార్మో తన పాన్‌కేకు చివరిదాకా తిన్నాడు.

"ఎప్పట్నుంచి?"

"నవంబరు నుంచి. ముట్టుకోనన్నాను, ముట్టుకున్నాను. నల్లదొరసాని నా మూలంగానే అలా తయారైంది. ఆ తర్వాతది కూడా. అదైతే కావాలనే ఓడాను, ఇంకా తప్పు."

"ఏ పేరు మీద ఆడుతున్నావ్?" అని అడిగింది వెర్నా.

"తూకం."

వెర్నా చెంచా కింద పెట్టింది. "తూకం నువ్వా? మనిషి ఇంత తిన్నగా ఆడడు, ఎవరో యంత్రం పెట్టి ఆడిస్తున్నారని నేను రెండు నోటీసులు పంపాను."

"రెండిటికీ జవాబు రాశాను."

"రాశావు. మర్యాదగా రాశావు."

వేరే మనిషిని చూసుకోవాలి అన్నాడు యార్మో. ఇర్మేలి తలూపింది. తాను ఉండే భవనంలోనే పక్క వాటాలో ఉండే సైమి పేరు చెప్పింది; మంత్రసానిగా చేసి రిటైరైంది, ఏ ఆటా తెలియదు, అబద్ధమాడదు, సూపు తాగుతుంది. తలుపు తాళంచెవి బల్ల మీద పెట్టి, కర్ర తీసుకుని మెట్లు దిగింది. ఎవరూ ఉండమనలేదు. ఆమె ఉంటాననలేదు.

మరుసటి గురువారం ఆమె ఇంట్లో డబ్బా సూపు వేడిచేసుకుంది. పదకొండున్నరకి సైమి తలుపు వేసుకుని వెళ్లడం వినబడింది. కంప్యూటర్ తెరవబుద్ధి కాలేదు. పద్నాలుగు ఓడలూ రేవులో ఉన్నాయి, ఉండనీ అనుకుంది. సూపు చల్లారిపోయింది. తప్పు ఒప్పుకుంటే మనసు తేలికపడుతుందని చెప్పేవాళ్లెవరో గాని వాళ్లకి గురువారాలు ఉండి ఉండవు.

ఒంటిగంటకి ఫోన్ మోగింది. తేము.

"సైమి అయిదుసార్లూ మునిగింది" అన్నాడు. "అది ఓడ తప్పా, సైమి తప్పా? ఎలా తెలుస్తుంది మాకు?"

ఇర్మేలికి కోపం వచ్చింది. తొమ్మిదేళ్లు చూసి కూడా ఇది తెలియదా వీళ్లకి?

"కొత్త త్రాసు మీద కొత్త సరుకు పెడతారా ఎవరైనా? ముందు బరువు తెలిసిన సరుకు పెట్టాలి. నా పాత ఓడలన్నీ పుస్తకంలో ఉన్నాయి కదా. ఒక ఇర్మేలి అని రాసినవి పది తియ్యి. ఆమెకవి ఇవ్వు. ఎన్నోసారికి ముంచుతుందో రాయి."

అవతల గుసగుస. తర్వాత యార్మో గొంతు.

"మాకు చేతకాదు. నువ్వొచ్చి చెయ్యి."

ఇర్మేలి కోటు వేసుకుంది. బయల్దేరేముందు సొరుగులోంచి చీటీల చుట్ట తీసి జేబులో పెట్టుకుంది.

పది ఓడలు చూడటానికి మూడు గురువారాలు పట్టింది. సైమి పెదాలు బిగించి, కాన్పు చేస్తున్నంత నిదానంగా ఆడింది. ఇర్మేలి పక్కన స్టూలు మీద కూర్చుని, చేతులు ఒళ్లో కట్టుకుని, ఒక్క సలహా ఇవ్వకుండా రాసుకుంది. అది అంత తేలిక కాదు. ఫలానా చోట తెరచాప దించు అని ఆమె నాలుక చివరిదాకా వచ్చేది. చివరికి లెక్క తేలింది. ఇర్మేలి మూడోసారికి ముంచిన ఓడల్ని సైమి సగటున నాలుగోసారికి ముంచుతోంది. ఇకమీదట సైమి నాలుగోసారికి ముంచేదే ఒక ఇర్మేలి అని తేము పుస్తకంలో రాశాడు.

"మీరు నా పేరు పెట్టరా?" అంది సైమి.

"కొలత మార్చడం కుదరదు" అంది వెర్నా. "తొమ్మిదేళ్ల పుస్తకమంతా ఇర్మేలీల్లో ఉంది."

ఇర్మేలి సూపు గిన్నెలోకి చూస్తూ ఆవాల ముద్ద కలుపుకుంది. కాస్త ఎక్కువసేపే కలిపింది. నల్లదొరసానిని జూన్ మొదటి వారంలో సరిచేసి వదిలారు. పండగకి ముందు లెక్క చూస్తే నూటికి ముప్ఫై ఒక్కరు. బెర్గెన్ ఆయన అఖాతం దాటానని రాశాడు.

తాళంచెవి యార్మో ఆమె గిన్నె పక్కన పెట్టాడు. ఆమె తీసుకుంది. తర్వాత ఎర్ర చీటీ ఒకటి చించి, అచ్చు మాట మీద గీత గీసి, కింద 'మళ్లీ చూడవలసిన తేదీ: డిసెంబరు మొదటి గురువారం' అని రాసి సైమి కుర్చీ కిందివైపు అంటించింది. ఏ త్రాసునైనా ఆరు నెలలకోసారి చూడాలి.

ఆ రోజు ఇద్దరూ కలిసే మెట్లు దిగారు. కిందికొచ్చాక ఇర్మేలి ఆగింది.

"ఇంటి దగ్గర మాత్రం దీన్ని ముట్టుకోకు."

"నాకేం పని?" అంది సైమి.

ఇర్మేలి ఆమె ముఖంలోకి కాసేపు పరీక్షగా చూసింది. మళ్లీ పైకెక్కి, డిసెంబరు కొట్టేసి, సెప్టెంబరు అని రాసింది.