దేవకమ్మ పట్టిన మైల

కీళ్లవాతంతో దేవకమ్మ వేళ్లు వంకరపోగానే ఆమె మొగుడు, మహానుభావుడు, తెచ్చి పాకాలలో ఆమె తమ్ముడింట్లో దింపేసి పోయాడు. అప్పటినుంచి ఆమెకు ముందు గదిలో ఒక మంచం, మాత్రలు, మరదలు భానుశ్రీ సణుగుడు. చేతిలోంచి పళ్లెం జారితే చాలు, ఆ తిట్లు వీధి వీధంతా వినేది.

ఇంక దేవకమ్మకు ఉన్న ఒకే ఒక్క దిక్కు మందాకిని. సాయంత్రం టీవీ సీరియల్లో కాళ్లు పడిపోయిన కోడలు. చక్రాల కుర్చీలోంచే అత్త నోరు మూయించేది. "అట్ల అడుగమ్మీ! బాగా అడుగు!" అని దేవకమ్మ మంచం మీదనుంచి ఎగదోసేది. ఆ కాసేపు నొప్పి నొప్పిగానే ఉన్నా, తోడు ఒకరున్నట్టుండేది.

భానుశ్రీకి అదీ కంటగింపే. మిద్దె మీద గది కట్టుకోగానే టీవీ పైకి ఎక్కించింది. దేవకమ్మ మెట్లెక్కలేకపోయేది. పొద్దున్నే కాఫీ గ్లాసు రెండు అరచేతుల మధ్య ఇరికించుకుని బతిమాలేది.

"నిన్న మందాకిని ఏమనిందమ్మీ? ఒక్క మాట చెప్పు."

రోజూ ఇదే పాట. ఒకనాడు భానుశ్రీకి విసుగొచ్చింది. "సచ్చిపోయింది వదినా! ఇంక నన్ను అడగొద్దు."

దేవకమ్మ కాఫీ కింద పెట్టేసింది. గోడ పట్టుకుంటూ కొళాయి దగ్గరికి పోయి, చన్నీళ్లు నెత్తిన పోసుకుంది. అయినవాళ్లు పోతే చేసే స్నానం! వాతం ఒంటికి అది గోరుచుట్టు మీద రోకటిపోటే. మధ్యాహ్నానికి కీళ్లు వాచి జ్వరం వచ్చింది. అన్నం ముట్టలేదు.

"మీ అక్క సీరియల్లో ఆడదానికి మైల పట్టింది సూడు!" అని భానుశ్రీ పగలబడి నవ్వింది. తమ్ముడు ప్రతాప్ కూడా నవ్వాడు. ఏం మనుషులో! చావలేదక్కా అని చెప్పడానికి ఒక్కరికీ నోరు రాలేదు.

సాయంత్రం పై గది తలుపు తీసి ఉండి గొంతు కిందికి వినిపించింది. మందాకినిదే. అత్తను కడిగేస్తోంది.

"బతికే ఉండావా తల్లీ!"

మరదలి మీద కోపం కూడా రాలేదు పిచ్చితల్లికి. ఏడుస్తూ నవ్వుతూ పాక్కుంటూ పోయి, మెట్ల మీద కూర్చుని, మోచేతులు ఆనించి ఒక్కో మెట్టే వెనక్కి పైకి జరిగింది. సగం దాకా వచ్చి ఇంక కదల్లేకపోయింది.

"రే ప్రతాపూ, కొంచెం సౌండు పెంచు నాయనా! ఈడనే కూచోని వింటాను."

భానుశ్రీ బయటికొచ్చి చూసింది. లోపలికి పోయి తలుపు మూసి, సౌండు మొత్తం తీసేసింది. మొగుడూ పెళ్లామూ ఆ సీరియల్‌ను ఉత్త బొమ్మగానే చివరిదాకా చూస్తూ కూర్చున్నారు.