అల్లుడు గారి లవణం

మా అమ్మకి బీపీ. గుడివాడ డాక్టరు గారు ఉప్పు బాగా తగ్గించమన్నారు. చేపల పులుసు లేనిదే ముద్ద దిగని బందరు మనిషికి అదెంత కష్టమో నాకు తెలుసు. తర్వాత చూపించుకోడానికి వెళ్తే బీపీ దిగలేదు సరికదా, ఇంకా పెరిగింది.

"ఉప్పు తగ్గించారా అమ్మా?" అని ఆయన అడిగారు.

"పూర్తిగా మానేశానండీ" అంది అమ్మ, ఒట్టేసినట్టు. ఆయన పాపం మాత్ర పవరు పెంచారు.

ఆ ఆదివారం బందరు వెళ్ళి అమ్మ చేసిన పులుసు నోట్లో పెట్టుకున్నాను. ఉప్పు కషాయం! ఇదేంటని అడిగితే అలమరలోంచి గులాబీ రంగు ప్యాకెట్ తీసింది.

"ఇది ఉప్పు కాదే, లవణం. అల్లుడు గారు పామర్రు నుంచి తెచ్చారు. అన్నీ మినరల్సేనంట, బీపీని లాగేస్తుందంట."

ఉప్పు కాదు కదా అని గుప్పిళ్ళతో వేస్తోంది! నాకు ఒళ్ళు మండిపోయింది. మా అక్క మొగుడికి ఫోన్ చేశాను. బావగారు అనడానికి కూడా నోరు రావట్లేదు నాకు.

"లవణమంటే ఉప్పే కదండీ!"

"నీకు తెలీదమ్మా. వీడియో పంపుతా చూడు" అన్నాడు. పంపాడు కూడా, ఒకటి కాదు.

ఆ మినరల్స్ ఉండేది నలుసంతేనని, మిగతాదంతా మామూలు ఉప్పేనని డాక్టరు గారు నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పారు. అమ్మ వింటేగా! "అల్లుడు గారు నా చెడు కోరతారా?" అనేది. నేను ప్యాకెట్ పారేసి వస్తే వెనకాలే ఇంకోటి వచ్చేది. ఎవరికి చెప్పుకోను?

ఒకరోజు పొద్దున్నే అమ్మ మూతి వంకర పోయింది. ఎడమ చెయ్యి లేవలేదు.

ఆసుపత్రికి బావ వచ్చాడు. సంచిలోంచి మళ్ళీ ప్యాకెట్!

"గులాబీది మీ ఒంటికి పడలేదేమో అత్తయ్యా. ఇది నల్లది, దీనికి తిరుగులేదు."

అమ్మ బాగున్న చెయ్యి చాపింది. బావ చటుక్కున వెనక్కి లాక్కుని, ప్యాకెట్ మంచం మీద పెట్టాడు.

"చేతికివ్వకూడదండీ, గొడవలొస్తాయి. ఉప్పు కదా."

"ఏంటీ? మళ్ళీ అనండి" అన్నాను.

అమ్మ బావ మొహంలోకే చూస్తూ, ఆ వంకర మూతితోనే కూడబలుక్కుని అడిగింది.

"ఉప్పా?"