సగంలనే ఆగిన దూరం పాట

ఇయ్యాల ఖమ్మం బస్టాండు పక్కన చాయ్ తాగుతుంటే హోటల్ల ఓ పాత ఇంగ్లీషు పాట మొదలైంది. నా పానం భద్రాచలంల క్యాసెట్ల దుకాణానికి ఉరికింది.

ఖాళీ క్యాసెట్ ఇస్తే పాటలు ఎక్కించి ఇచ్చేటోళ్లు, యాదికుందా దోస్తులూ? మా అక్క రేడియోల ఓ ఇంగ్లీషు పాట విన్నది. పేరుల దూరమన్న మాట ఉంటదని తప్ప ఇంకేం ఎరుకలేదు. గంతే చెప్పి అడిగితే దుకాణం కరీం చాచా నవ్విండు. “ఇంగ్లీషుల గా పేరుతోని మస్తు పాటలున్నయ్ బిడ్డా. నీదేదో నాకేం ఎరుక? అన్నీ ఎక్కిస్త, ఏరుకో.”

క్యాసెట్ రెండు దిక్కులా దూరమే! ఒకటి డ్రమ్ములతోని ఇల్లు అదరగొట్టేది, ఇంకోటి సన్నగ ఏడ్చేది. అక్క పాట ఆఖరున దొరికింది. కానీ ఎక్కించేటప్పుడు కరెంటు పోయిందట, గిటార్ అందుకోంగనే సాగి సాగి ఆగిపోయేది. ఏండ్లకేండ్లు అంతవరకే పాడుకున్నం.

ఇయ్యాల సత్తుపల్లిల ఉన్న అక్కకు జల్దీ ఫోన్ కలిపి, హోటల్ల మోగుతున్న గదే పాట వినిపించిన. ఇద్దరం అందుకున్నం. గిటార్ రాంగనే అలవాటుగ ఇద్దరం ఆగినం. పాట ఆగలే.

“ఏందే,” అన్నది అక్క, “ఇంకా ఉన్నదా!”