పెద్ద అంకెల మిషన్

తొంభైల మాట. బాపుకు ఇంట్లో షుగర్ చూసే మిషన్ కొందామని బెల్లంపల్లిలో కరీంనగర్ బస్సెక్కాను. చేతిలో రెండు మిషన్ల బొమ్మలున్న కాగితం. పక్క సీటు పెద్దావిడ తొంగి చూసి ఏందని అడిగితే, బాపుకు షుగర్ మిషనని చెప్పాను. ఆమె ఒకదాని మీద వేలు పెట్టింది.

"అంకెలు పెద్దగున్నది కొను బిడ్డా. మీ బాపే సదువుకోవాలె."

"సదివి చెప్పెతందుకు మేమున్నం గదవ్వా."

"మా ముసలాయనకు నేనే సదివి చెప్త. ఎక్కువున్నదంటే ఫికరుతోని బువ్వ ముట్టడు. గందుకే ఎప్పుడు తక్కువనే చెప్త. తక్కువున్నది గదా అని గిప్పుడు జిలేబి తెమ్మంటుండు."

ఒళ్లోని పొట్లం మీదికి కొంగు లాక్కుంది.

నేను పెద్ద అంకెలదే కొన్నాను. తొలిరోజు అంకె చదువుకుని బాపు కంచం ముట్టలేదు. మరునాడు తగ్గిన అంకె చూసుకున్నాకే, అడిగి మరీ బువ్వ పెట్టించుకున్నాడు.