వదిన పిన్నీసు

మా వదిన పోయింది. పోయిన వారం పొద్దున్నే పాల్వంచ క్వార్టర్స్ నుంచి అన్నయ్య ఫోన్ చేసి ఆ ఒక్క మాట చెప్పాడు. తర్వాత ఏం చెప్పాలో తోచలేదేమో, "కారు తాళాలు ఏడ పెట్టిందో కనపడ్తలేవు రా" అన్నాడు. ఛాతీలో నొప్పి అన్నదట. పక్కింటివాళ్లను లేపి, వాళ్ల బండి తీయించి దవాఖానకు చేరేలోపే అయిపోయిందట. ఆ ఇంట్లో డ్రైవింగ్ వచ్చింది ఆమె ఒక్కదానికే.

సమాధి దగ్గర పాస్టరుగారు ఆమెను సాత్వికురాలు అన్నారు. రెండు రోజులకు భద్రాచలంలో ఆదివాసీ భూముల కోసం పోరాడే మా మిత్రులు పెట్టిన సభలో ఒకాయన, ఉద్యమానికి దూరంగా ఉన్నా మనకు అన్నం పెట్టిన తల్లి అన్నాడు. రెండూ తప్పే. చనిపోయిన మనిషి లేచి కాదనదు కదా అని నోటికొచ్చిన మంచి మాటలు అంటించడం మనకు అలవాటైపోయింది. ఆమె సాత్వికురాలు కాదు. అన్నం కూడా అంత బాగా వండేది కాదు, అన్నయ్యే వండేవాడు. ఇక ఉద్యమానికి దూరమో దగ్గరో, ఇది చదివి మీరే చెప్పండి.

వదిన దుమ్ముగూడెం వైపు ఆడపిల్లల హాస్టల్ స్కూల్లో సైన్సు చెప్పేది. అన్నయ్యకు పాల్వంచ కరెంటు ప్లాంటులో షిఫ్టు డ్యూటీ. ఆయన మోజుపడి పాత అంబాసిడర్ కొన్నాడు. కొన్న వారంలోనే కాలనీ మురిక్కాలువలో దించాడు. ఆ రోజు తాళాలు ఆమె చేతికి పోయాయి, మళ్లీ తిరిగి రాలేదు. బండి తీసే ముందు కొంగు నెత్తిన వేసుకుని కళ్లు మూసుకునేది. నేను ఊరుకుంటానా? ప్రార్థనతో నడిచే బండికి పెట్రోలు దండగ కదా అనేవాణ్ని. "ప్రార్థన నాకు, పెట్రోలు బండికి. నీ నోటికేం పోయాల్నో తెలుస్తలేదు మరిదీ" అనేది.

ఆమె ఇంట్లో 'పాడైంది' అనే మాట నిషేధం. మిక్సీ పాడైంది, మోటారు పాడైంది, కాలం పాడైంది అన్నా ఊరుకునేది కాదు. "పాడైంది అంటే ఏం చెప్పినట్టు? ఏం చేస్తుంది, ఏం చేస్తలేదు, అది చెప్పు" అనేది. నా వ్యాసాలకూ అదే శిక్ష. పత్రిక రాగానే చదివి, నేను బాగా రెచ్చిపోయి రాసిన వాక్యం మీదే వేలు పెట్టేది. "ఇది నీకెట్ల తెలుసు?" అంటే నాకు ఒళ్లు మండేది. సర్కారునూ దొరలనూ అడగాల్సిన ప్రశ్న నన్నడుగుతావా అని వాదనకు దిగేవాణ్ని. వాళ్లను నువ్వు అడుగు, నిన్ను నేను అడుగుతా అనేది. ఆ కొట్లాటలు ఇంకెవరితో పెట్టుకోను?

ఇక ఒక ఎండాకాలం సంగతి. దుమ్ముగూడెం లోపలి గూడెంలో ఒక కోయ అవ్వ ఉంది. వాగు పక్కన ఆమె చేను. బయటినుంచి వచ్చి స్థిరపడిన ఆసామి ఒకడు దాన్ని కౌలుకు తీసుకుని, కొన్నాళ్లకు కొనుక్కున్నానని కాగితం తెచ్చాడు. కేసు భద్రాచలంలో ఏజెన్సీ భూముల కోర్టులో నడిచేది. కిందటి వాయిదాకు బస్సు రాక అవ్వ అందలేదు, గైర్హాజరని రాసుకున్నారు. ఈసారి కూడా పేరు పిలిచినప్పుడు ఆమె లేకపోతే చేను పోయినట్టేనని వకీలు ముందే చెప్పాడు. తాతలనాటి నుంచి దున్నుతున్న భూమి తనదేనని చెప్పడానికి, నడవలేని ముసలిది నది ఒడ్డు వెంట అంత దూరం వచ్చి నిలబడాలి. ఈ న్యాయం ఎవరు కనిపెట్టారో గానీ, వాళ్ల మోకాళ్లు గట్టివి.

అవ్వను తీసుకురావడానికి వదిన సెలవు పెట్టి కారు తీసింది, నేను పక్కన కూర్చున్నాను. ముందురోజు సాయంత్రమే గూడెం చేరాం. ఆ దారి గతుకుల్లో పెట్రోలు ట్యాంకు మూత ఎక్కడో ఊడిపడింది. పొద్దున చూస్తే ఎవరో ట్యాంకు మూతికి గుడ్డ చుట్టి నారతో బిగించి కట్టారు. వదిన చూసి మెచ్చుకుంది. అవ్వను వెనక సీట్లో ఎక్కించుకుని బయల్దేరాం.

అడవి మధ్యలో బండి దగ్గింది. నాలుగుసార్లు దగ్గి ఆగిపోయింది. సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజన్ అందుకోవడం లేదు. నాకు అనుమానమే లేదు. ఆసామి మనుషులు బంకులో మాట్లాడి కిరోసిన్ కలిపిన పెట్రోలు పోయించారు, ఇది కుట్ర అన్నాను. వదిన బానెట్ ఎత్తుతూ, "ఉండనియ్. కుట్రనైనా ఇంజన్ల కనపడాలె గద" అంది.

ఒక ప్లగ్గు ఊడదీసి, దాని వైరు అలాగే ఉంచి ఇంజన్ ఇనుముకు ఆనించి, నన్ను సెల్ఫ్ కొట్టమంది. టక్ టక్‌మని నిప్పురవ్వ. నిప్పు ఉంది. తర్వాత కార్బురేటర్‌కు పోయే పైపు ఊడదీసి టిఫిన్ మూతలో పెట్టింది. మళ్లీ సెల్ఫ్ కొడితే కాస్త పెట్రోలు చిమ్మి ఆగిపోయింది. అందులో కిరోసిన్ వాసన లేదు. మీటరు ముల్లు చూస్తే ట్యాంకు సగం పైనే ఉంది. ఉన్న పెట్రోలు ముందుకు రావడం లేదన్నమాట. ఎండకు పెట్రోలు పంపులోనే ఆవిరైపోతోందేమోనని, గుడ్డ తడిపి పంపు మీద వేసింది. కాసేపాగి సెల్ఫ్ కొడితే బండి లేచింది. నేను చప్పట్లు కొట్టాను. కొంతదూరం పోయాక మళ్లీ అదే దగ్గు, మళ్లీ ఆగింది. గుడ్డ ఇంకా తడిగానే ఉంది.

అప్పుడు ఆమె ముఖం చూడాల్సింది. చెమటలు కారుతున్నాయి, పొద్దెక్కుతోంది, అవతల పేరు పిలుస్తారు. ఈమె మాత్రం నవ్వుతోంది. "నేననుకున్నది తప్పు. మంచిగయింది, ఒకటి తీసేసినం" అంది.

తప్పని తేలితే సంతోషించే మనిషిని నేను అంతకుముందు చూడలేదు. మా సభల్లో, మా పత్రికల్లో, తప్పని తేలినవాడు పార్టీయే మార్చేస్తాడు గానీ నవ్వడు.

తర్వాత అందరినీ అడిగింది. ఆగేముందు ఎవరికి ఏం వినిపించింది? నాకు దగ్గు వినిపించింది. అవ్వకు కూడా అంతే అయి ఉంటుందన్నాను. "ఆమెకు నోరుంది మరిదీ" అని వెనక్కి తిరిగి కోయలో అడిగింది. హాస్టల్ పిల్లల దగ్గర నేర్చుకున్న కోయ. కోయల తరఫున ఎన్నో ఏళ్లుగా రాస్తున్న నాకు రాని భాష. అవ్వ వెనక సీటు మీద చెయ్యి కొట్టి చూపిస్తూ ఏదో చెప్పింది. బండి ఆగే ముందు తన వెనకాల డబ్బా రేకు లోపలికి నొక్కుకున్నట్టు టంగుమన్నదట. రెండుసార్లూ అంతేనట. పెట్రోలు ట్యాంకు ఉండేది సరిగ్గా ఆ సీటు వెనకే.

వదిన పోయి ట్యాంకు మూతి మీద వేలు పెట్టింది. ఈ గుడ్డ ఎవరు కట్టారని అడిగింది. నేనే కట్టానంది అవ్వ, గర్వంగా. మీ పెట్రోలు దారిలో ఒలికిపోతుందని, గుడ్డ మడతల మధ్య తపసి బంక మెత్తి కట్టిందట. చుక్క కూడా బయటికి రాదట. అడవిలో చెట్టుకు గాటు పెట్టి ఏరుకొచ్చే ఆ బంక ఎండితే రాయే. చుక్క బయటికి రాలేదు నిజమే, గాలీ లోపలికి పోలేదు. లోపలున్న పెట్రోలు ఖర్చవుతున్నకొద్దీ ఆ జాగాలోకి గాలి రాక, ట్యాంకు రేకు లోపలికి లాక్కుపోయి టంగుమంది, పెట్రోలును ముందుకు పోనీకుండా పట్టి ఉంచేసింది. కాసేపు ఆగితే ఎక్కడినుంచో కాస్త గాలి చేరి బండి మళ్లీ లేచేది. మేమేమో తడిగుడ్డ మహిమ అనుకున్నాం.

వదిన అవ్వ భుజం తట్టి, ఇంత గట్టిగా మా ప్లాంటు ఫిట్టర్లు కూడా బిగించలేరంది. భుజం మీద చీరకు పెట్టుకున్న పిన్నీసు తీసి, దాని ముల్లు ఆ బంకలోకి పొడిచింది. బుస్సుమని ట్యాంకు గాలి పీల్చుకుంది. మడతల్లో బంక ఇంకా పచ్చిగానే ఉంది, పిన్నీసు తీస్తే చిల్లు మూసుకుపోతుందని దాన్ని అక్కడే గుచ్చి వదిలేసింది. సెల్ఫ్ కొట్టగానే బండి లేచింది. ఇక భద్రాచలం దాకా ఆగలేదు.

అవ్వ కోర్టు గడప దాటేటప్పటికి ఆమె పేరు రెండోసారి పిలుస్తున్నారు. "ఉన్న" అంది అవ్వ తెలుగులో. ఆ ఒక్క మాట దారంతా వదిన నేర్పిస్తూ వచ్చింది. తీర్పు ఆ రోజు రాలేదు, తర్వాత చాలా వాయిదాలు పడ్డాయి. చివరికి చేను అవ్వ పేరునే నిలిచింది. పోయిన వారం సమాధి దగ్గర అవ్వ అందరికంటే వెనక, నేల మీద కూర్చుని ఉంది.

ఇది ఉద్యమానికి దూరమా? ఆ సభలో మాట్లాడిన మిత్రుడు జవాబు చెప్పాలి. నేను మాత్రం ఇప్పుడు ఏదైనా రాసేముందు, ఇది నీకెట్ల తెలుసు అని నన్ను నేను అడుగుతున్నాను. జవాబు లేని వాక్యాన్ని కొట్టేస్తున్నాను. వ్యాసాలు చిన్నవైపోతున్నాయి, కోపం మాత్రం తగ్గలేదు. ఇదంతా ఆమె చలవే.

పెట్టెలో ఆమెకు తెల్ల చీర కట్టి, కొంగు చక్కగా మడతలు పెట్టి, భుజం మీద కొత్త పిన్నీసు పెట్టారు. నాకు మాత్రం ఆ కోర్టు వసారాలో నిలబడిన మనిషే కనిపిస్తోంది. లోపల అవ్వ జవాబులు చెబుతున్నంతసేపూ వదిన తలుపు పక్కన నిలబడి, జారిపోతున్న కొంగును గ్రీజు చేత్తో భుజం మీద పట్టుకునే ఉంది.