అయిదో గ్లాసు

రాయిస్తున్నది పైడమ్మ. డెబ్బై మూడేళ్లు. ఖరగ్‌పూర్ తాల్‌బగీచాలో చిన్నకొడుకు ఇంట్లో ఉంటున్నాను. ఇంట్లో కొడుకు, కోడలు సరళ, మనవరాలు రమ్య. నాకు చదువు లేదు. నేను చెబుతుంటే రమ్య ఫోనులో కొడుతోంది. ఒక్క మాట మార్చినా ఊరుకోనని ముందే చెప్పాను...

మా పిల్లల చిన్నప్పుడు... రైల్వే క్వార్టర్లో ఉండేవాళ్లం. మా ఆయన కార్ఖానాలో ఫిట్టరు. రెండు గదులు, ఒక వరండా. వరండాలో ఇనుప మంచం, ఆ మంచం మీద మా అత్త అప్పయ్యమ్మ.

ఆ వేసవిలో అత్తకు కాళ్లు వాచాయి. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయేది. నాలుగడుగులు వేస్తే ఆయాసం. డాక్టరు చూసి గుండె నీరసపడిందన్నాడు. మందులు రాసి, బల్ల మీదున్న గ్లాసు చూపించి, "దిన్ మే పాంచ్ గ్లాస్. బస్" అన్నాడు. తాగేది రోజుకి అయిదు గ్లాసులు, అంతే. నాకు బాగానే అర్థమైంది... అయిందనుకున్నాను.

ఆ రోజు నుంచి వరండా గోడ మీద బొగ్గుతో గీతలు. గ్లాసు నీళ్లకు ఒక గీత. అయిదు పడితే కుండ మీద మూత. మర్నాడు పొద్దున్నే తడిగుడ్డతో తుడిచి మళ్లీ మొదలు. పిల్లలకు అదో ఆట. "మామ్మకి ఇంకా రెండు గీతలున్నాయి!" అని అరుస్తూ తిరిగేవారు.

"ఒలే పైడీ, గొంతుక ఎండిపోతంది. గుక్కెడు నీల్లియ్యే."

"అప్పుడే మూడైపోనాయి అత్తా. సాయంత్రానికి ఉండొద్దేటి?"

"నీల్లకి కూడా రేషనేటే! మీ అయ్య నూతిలోంచి మోసుకొచ్చినావేటి?"

నేను తగ్గే మనిషినా... "నీ కొడుక్కి తల్లి ఉండాలనే పొయ్యనేదు. నోరు మూసుకు పడుకో" అనేదాన్ని.

అలాగని ఎండగట్టానా? లేదు. పొద్దున్నే చోడి అంబలి, అదే రాగంబలి. ఎండెక్కితే మజ్జిగ. రెండుసార్లు టీ. అన్నంలోకి పలచటి చారు. పక్క క్వార్టరు బెంగాలీ దీదీ రోజు విడిచి రోజు కొబ్బరిబొండం కొట్టించి తెచ్చి, "ఖాన్ మాసీమా, ఖాన్", తాగండి పిన్నీ అని దగ్గరుండి తాగించేది. దీదీకి నా గీతల సంగతి తెలుసు. బొండానికి కూడా ఒక గీత గీయాలని ఆవిడకూ తోచలేదు, నాకూ తోచలేదు. అంబలి తిండి కదా. టీ తలనొప్పికి. మజ్జిగ వేడికి. బొండం రోగికి బలం. నీళ్లంటే కుండలో ఉన్నవే... మా లైనులో ఏ ఇంట్లో అడిగినా అదే చెప్పేవారు.

వాపు మోకాళ్లు దాటింది. నేను గ్లాసు ఇంకా వెలితిగా పోశాను. మనిషి నీరసపడిపోతోందని టీ ఇంకోసారి పెట్టాను.

ఆ రోజు... మధ్యాహ్నం కార్ఖానా సైరన్ మోగింది. గోడ మీద నాలుగు గీతలు. అత్త ఖాళీ గ్లాసుతో మంచం పట్టె మీద కొట్టింది. టంగ్... టంగ్...

"పైడీ, ఒకటుంది కదే. అదిచ్చీ."

"రాత్రికేటి తాగుతావు? ఉండు, టీ ఇత్తాను."

"టీ ఒద్దే... నీల్లే."

టీయే ఇచ్చాను. గ్లాసు నిండా. నా మొహం చూస్తూ తాగింది.

సాయంత్రానికి ఊపిరి అందలేదు. ఆస్పత్రిలో డాక్టరు, ఈమె ఇవాళ ఏమేం తాగిందని అడిగాడు. మెచ్చుకుంటాడనుకుని వేళ్లు మడుస్తూ అన్నీ చెప్పాను. నీళ్లు నాలుగే పోశాను, ఒకటి మిగిల్చాను అని కూడా చెప్పాను. ఆయన నా వేళ్లకేసి చూస్తూ, "మా, వో సబ్ భీ తో పానీ హై" అన్నాడు. అవన్నీ కూడా నీళ్లేనమ్మా అని. టీ మానిపించి ఆ గ్లాసు నీళ్లే ఇచ్చి ఉంటే సరిపోయేదట...

మూడో రోజు అత్త పోయింది.

జబ్బు ముదిరిపోయింది, నీ వల్ల కాదని మా ఆయన బతికున్నన్నాళ్లూ చెప్పాడు. నేను వినలేదు. ఆ నాలుగు గీతలూ తుడవలేదు. తర్వాత క్వార్టరుకి సున్నం వేశారు. వానాకాలం గోడ చెమ్మగిల్లితే సున్నం కిందనుంచి నల్లగా పైకి తేలేవి. క్వార్టరు ఖాళీ చేసేదాకా అవి నన్ను చూస్తూనే ఉన్నాయి. ఇప్పటికీ ఎక్కడైనా ఇనుము మీద స్టీలు గ్లాసు తగిలితే "వస్తన్నానత్తా" అని లేస్తాను. లేచాక గుర్తొస్తుంది...

నిన్న రమ్య ఫోను నీళ్లు తాగమని మోగింది. "టీ, మజ్జిగ లెక్కలోకి రావమ్మా, ఉత్త నీళ్లే ఎనిమిది గ్లాసులు" అని ఇది. "ఎందుకు రావే, అన్నీ వస్తాయి" అని వాళ్లమ్మ. కాసేపు విన్నాను. ఇంక ఉండలేకపోయాను.

"నోరు ముయ్యండే ఇద్దరూ! టీ వస్తాది. మజ్జిగ వస్తాది. అంబలి వస్తాది. బొండం వస్తాది. నన్నడగండే, నాను సెప్తాను!"

ఎందుకు ఏడుస్తున్నానో దీనికి అర్థం కాలేదు. అందుకే ఇదంతా రాయిస్తున్నాను. నా వాదన ఇదే... ఏది తాగినా ఒంట్లోకి నీళ్లే పోతాయి. కానీ మనిషి నీళ్లడిగితే నీళ్లే ఇవ్వండి. నేను అన్నీ ఇచ్చాను... ఆవిడ అడిగింది తప్ప.

ఇప్పుడు ఇంట్లో ఫిల్టరుంది, ఫ్రిజ్జుంది, నీళ్లు తాగమని గుర్తు చేయడానికి ఫోనుంది. అప్పుడు మనిషే గ్లాసు కొట్టి అడిగేది... మీ ఇళ్లలో అలా అడిగినవాళ్లుంటే, వాళ్లకు మీరేం ఇచ్చారో కింద రాయండి. రమ్య చదివి వినిపిస్తుంది.

వేలిముద్ర వెయ్యనన్నాను. కాగితం మీద బొగ్గుతో ఒక గీత గీశాను. రమ్య ఫొటో తీసి పెడుతోంది. అది అయిదోది.

పైడమ్మ గుర్తు: |

సాక్షులు: కోడలు సరళ, మనవరాలు రమ్య